ఓబులేసు విస్తరి

సెప్టెంబరు 14
దక్షిణాఫ్రికా డర్బన్ నుంచి ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. వాళ్ల తాత ఓబులేసు చెరుకుతోటల కూలికి ఓడెక్కి పోయాడట. ఈ ఊరేనట, ఈ ఇల్లేనట. చెప్పులు విడిచి మా గడపకు దణ్ణం పెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

మామ ఒక్క మాటతో తేల్చేశాడు. "ఆ పేరుగలోడు మా వంశంలో ల్యాడప్పా."

సెప్టెంబరు 15
లేడా? పెళ్లై వచ్చినప్పటి నుంచీ ప్రతి పెద్దల అమావాస్యకూ ఓబులేసుకు విస్తరి వేస్తున్నది నేను కాదా. సముద్రం దాటి పోయినాయన, ఆకలికి ఓర్వడు, వడలు ఇంకో రెండు వెయ్యమని అత్త ఏటా చెబుతుంది. చచ్చినవాడికి వడలు. వెతుక్కుంటూ వచ్చిన మనవడికి గ్లాసెడు నీళ్లు... నేనూ ఇవ్వలేదు.

సెప్టెంబరు 16
వాన లేదు. వేరుశెనగ ఎండుతోంది.

సెప్టెంబరు 17
మామ అసలు భయం రోడ్డు పక్క చేను గురించి. అమ్మకానికి పెట్టారు, ఈయన వాటా అడుగుతాడేమోనని. అడగడు, మొహం చూస్తేనే తెలుస్తుంది. "ఔను, మావాడివే" అనిపించుకోవాలి, అంతే. పిచ్చి మనిషి. ఇద్దరు బిడ్డల్ని కన్నాక కూడా ఈ ఇంట్లో నేను ఇంకా పుట్టినూరి పేరుతో "డోన్ పిల్ల"నే.

సెప్టెంబరు 19
మళ్లీ వచ్చాడు. మామ లేడు. తలుపు చాటున అత్త. ఆయన తెలుగు అచ్చం మా అవ్వ మాట.

"అమ్మా, నువ్వు చెప్పు. మా తాత ఈ ఇంటోడేనా?"

"కాదు పెద్దాయనా. ఇంగ యాడన్నా ఇచారించుకో," అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. నాకు జాలి కలగలేదు. చెప్పాలంటే, హాయిగా అనిపించింది.

సెప్టెంబరు 20
అత్త పక్కింటామెతో అంటోంది, మా కోడలు గట్టిది, మా ఇంటి మనిషి అని. ఇన్నేళ్లకు! సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

సెప్టెంబరు 22
పెద్దల అమావాస్య. మామ ఒక్కో పేరూ పిలుస్తూ వచ్చి ఓబులేసు విస్తరి దగ్గర ఆగాడు.

"ఇది తీసెయ్."

తీశాను. వడలు మళ్లీ గిన్నెలో వేశాను. మధ్యాహ్నం పిల్లలు తిన్నారు.

సెప్టెంబరు 23
ఆయన ఇంకా రాజంపేట లాడ్జిలోనే ఉన్నాడట. ఆటోవాడితో అన్నాడట — ఆ కోడలు అబద్ధం చెప్పే మనిషి కాదు, పోయే ముందు ఇంకొక్కసారి ఆమెనే అడిగి పోతానని. రేపు వస్తాడు.

తలుపు నన్నే తీయమంది అత్త. "నువ్వు చెప్తే నమ్ముతాండాడు," అంది.

తలుపైతే తీస్తాను...