మెల్లని ఊపు

ఆగస్టు 12, మంగళవారం

బాపూ,

ఇవాళ పొద్దున్నే నా లెక్కలో ఒక పెద్ద భూకంపం చిన్నదైపోయింది. ఎక్కడో సముద్రం అడుగున వచ్చిన ఆ భూకంపాన్ని మన దేశంలోని పరికరం గీసింది. ఆ గీతలను బట్టి దాని బలం చెప్పడమే కాలేజీలో నా పని. మిగతా దేశాల కేంద్రాలన్నీ చెప్పినదానికంటే బాగా తక్కువ వచ్చింది. "వాళ్ళే ఎక్కువ కట్టిండ్రు సార్" అని ధీమాగా చెప్పాను. మా ప్రొఫెసర్ సార్ నమ్మి నివేదికలో రాసుకున్నారు.

మధ్యాహ్నం అవ్వ ఫోన్ చేసింది. నువ్వు పోయి ఏడాదైంది. "శ్రీరాంపూర్ బొగ్గుగనిల ఇయ్యాల బ్లాస్టింగు జోరుగున్నది. గిన్నెలన్నీ గలగలమన్నయి. మీ బాపుంటే గోడకు నాడి చూస్తుండె, పెద్ద వైద్యుడు!" అని నవ్వింది.

నీకు సెలవున్న రోజు గనిలో పేల్చినప్పుడల్లా నువ్వు ఇంటి గోడకు అరచెయ్యి ఆనించేవాడివి. "గిన్నెల చప్పుడు ఇనకు బిడ్డా. గోడ ఎంతసేపు ఊగుతదో చూడు, అప్పుడు తెలుస్తది ఎంత పెద్దదో" అనేవాడివి.

ఫోన్ పెట్టేసి గీతలు మళ్ళీ తీశాను. మొదటి అదుర్లనే లెక్కలోకి తీసుకుని, వెనకాల వచ్చిన మెల్లని ఊపును పనికిరాని రొద అనుకుని వడగట్టేశాను. పెద్ద భూకంపంలో నేల చీలిక నిమిషాల పాటు సాగుతుంది. దాని అసలు బలం ఆ మెల్లని ఊపులోనే తెలుస్తుంది. దాన్ని కలిపితే లెక్క సరిపోయింది.

నివేదిక రేపు పదింటికి వెళ్తుంది. సార్ నన్ను ఈ పనిలోంచి తీసేసినా సరే, తొమ్మిదింటికే ఆయన గది ముందు నిలబడి, తప్పు వాళ్ళది కాదు, నాదేనని చెప్తాను.