నల్లద్దాలు తీసి దిగిన ఫోటో

09-11-2025, ఆదివారం

గల్ఫులో ఆదివారం సెలవు లేదు, చరిత బిడ్డను కాలేజీ నుంచి తెచ్చినా. సుధాకరరావు సారు కూతురు. ఈ ఐన్ ఖాలిద్ ఇంట్లో నా డ్రైవరు డ్యూటీకి పదకొండేండ్లు.

కారు పెట్టినాక ల్యాప్‌టాప్‌లో పాత ఫోటోలు చూపించింది. ఎనబై ఏండ్ల కిందటి యుద్ధమంట. మగోళ్లు యుద్ధానికి పోతే అమెరికాలో ఆడోళ్లు విమానాల ఫ్యాక్టరీలో పని చేసినారంట. కలర్ ఫిల్ము అప్పుడే కొత్తంట. ఒకామె తలకు ఎర్రగుడ్డ కట్టి, పెదాలకు రంగు పూసి, డ్రిల్లు పట్టుకోనుండాది. రంగులు ఇంకా ఆరనట్టు ఉండాయి.

ఇది యాక్టింగు అంటి. కడపలో తొమ్మిదేండ్లు ఫిట్టరు పని చేసినోణ్ణి. డ్రిల్లు రేకుకు తగలనే లేదు. చొక్కా మీద రేకు పొట్టు లేదు. తాతా నువ్వు పోలీసువా అని నవ్వింది. ఆ ఫిల్ముకు లైట్లు చాలా కావాలంట, కదలకుండా నిలబెట్టి తీసేవాళ్లంట. కానీ గోళ్లు చూడు తాతా అనింది. మొగానికి దగ్గరగా పెట్టుకోని చూసినా. గోళ్ల సందున నల్ల గ్రీసు. మొదట నాకు కనపళ్లా. పిల్లకు కనపడింది.

ఆమె పేరేందని అడిగినా. రాయలేదంట. వర్కర్ అని మాత్రం ఉండాదంట.

11-11

ఇక్కడ పనిచేసేవాళ్లను ఆ పాత పద్ధతిలో ఫిల్ము కెమెరాతో తీయాలంట. కాలేజీ ప్రాజెక్టు. మొదట నన్నే. ఇస్త్రీ చొక్కా వేసినా. మీసానికి రంగేసినా. బోనెట్ ఎత్తి స్పానర్ పట్టుకో తాతా అనింది. ఉత్తినే పట్టుకోను, నిజంగానే బ్యాటరీ బోల్టు విప్పినా. యాక్టింగు మనకు రాదు అంటి.

ఎప్పుడూ పెట్టుకునే నల్లద్దాలు తీయమనింది. తీసినా. యాక్టింగు రాదంటినే, ఆ రోషం.

తీయకుండా ఉండాల్సింది.

12-11, పొద్దున ఐదు

ఇది ఎవరూ చదవరు. రాస్తాండా. ఎడమ కంట్లో పొర వచ్చి రెండేండ్లు. లైసెన్సుకు కంటి టెస్టులో నా ముందరోడు చదివిన అక్షరాలు విని బట్టీపట్టి ఒప్పజెప్పినా. నాకు ఇంగ్లీషు రాదు. పాస్.

నా పెండ్లాం ఆంజనమ్మ మదీనత్ ఖలీఫా ఏరియాలో ఇంటిపని చేస్తాది. దానికీ చెప్పలా. చెప్తే ఆపరేషన్ అంటాది. ఆపరేషన్ అంటే సారుకు తెలుస్తాది. తెలిస్తే అరవై రెండేండ్లోణ్ణి ఎవరు పెట్టుకుంటారు.

20-11

ఫిల్ము కడిగి వచ్చింది. పెద్ద ప్రింటు. చొక్కా నీలం. మీసం నలుపు. ఎడమ నల్లగుడ్డు మాత్రం పాలచుక్క మాదిరి ఉండాది. బ్లాక్ అండ్ వైట్ అయితే మెరుపు అనుకుందురు.

లైటు పడిందా తాతా అని అడిగింది. లైటే అంటి.

23-11

బిడ్డ సీటు మార్చింది. ఎప్పుడూ వెనక కుడిపక్క. ఈ పొద్దు నా వెనకాలే, ఎడమ కిటికీ కాడ. ఈ దేశంలో స్టీరింగు ఎడమపక్కే.

24-11

ఫోను చూడ్డం మానేసింది. రోడ్డు చూస్తాంది. రౌండెబౌట్ కాడ మెల్లిగా, తాతా ఎడమపక్క బైక్ అనింది. చూసినాలే అంటి.

చూడలా.

26-11

ఈ పొద్దు మూడుసార్లు చెప్పింది. దిగేటప్పుడు, నీ ఫోటో కాలేజీ ఎగ్జిబిషన్‌లో పెట్టనులే తాతా, నాన్నగారు వచ్చి చూస్తారు అనింది.

కారు తుడుస్తా ఆలోచన చేసినా. ఆ ఎర్రగుడ్డామె లైట్ల ముందర కొంచేపు యాక్టింగు చేసింది. ఆమె గోళ్లు నిజం. నేను రెండేండ్లు చేసినా, బిడ్డను వెనక కూర్చోబెట్టుకోని. ఇప్పుడు బిడ్డతో కూడా చేయిస్తాండా.

సాయంత్రం బిడ్డకు చెప్పినా. ఫోటో పెట్టు. కింద నా పేరు రాయి. వర్కర్ అని రాసి ఊరుకోవద్దు.

తాళాలు తీసుకోని సారు కాడికి నేనే పోయి అంతా చెప్పినా. సారు తాళాలు తీసుకున్నాడు. నా కూతురు ఎక్కే కారు కదా నారాయణప్పా అన్నాడు. అంతే. తిట్టింటే బాగుండు.

04-12, గురువారం

సోమవారం కంటికి ఆపరేషన్. తర్వాత డ్యూటీ ఉంటాదో లేదో సారు చెప్పలా, నేను అడగలా.

ఎగ్జిబిషన్‌కు కొత్త డ్రైవరు గౌస్ మొహియుద్దీన్ తోలినాడు. నన్ను బిడ్డ కూర్చునే ఎడమ కిటికీ కాడ కూర్చోబెట్టినారు. రౌండెబౌట్ వచ్చింది. ఎడమపక్క బైక్ అంటి. కనపళ్లా. దాని ఇంజను సప్పుడు వినపడింది.