పేరు చెప్పని చీటీ

లుహిండా,
2012 మార్చి 16, శుక్రవారం.

ఫైదాకు,

నువ్వూ, పిల్లలూ, మీ మామగారు బహిజి, నీ మరిది రుగేనే, మీ ఆయన చిరుజా, ఇంటిల్లిపాదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వానలకు పెద్దాయన మోకాలి నొప్పి ముదిరిందని, ఈ ఉత్తరం తెచ్చిన పెద్దావిడ మామా మ్వవిటా చెప్పింది. ఆయనకు నా నమస్కారాలు అందజెయ్యి. నేను బాగానే ఉన్నాను. అన్నం సహిస్తోంది, నిద్ర పడుతోంది. మీ వీధిలో కొందరు అనుకుంటున్నట్టు మంచం పట్టలేదు.

ఈ ఉత్తరాన్ని దాచుకుని చదవకు. అందరూ భోజనానికి బుగాలి ముద్ద ముందు కూర్చున్న వేళ బయటికి చదువు. మామగారికి చెవి కొంచెం మందం కాబట్టి గట్టిగా చదువు. అయిదు నెలలుగా మా ఇంటి గోడ మీద బురదతో రాస్తున్న వాళ్లకు నేను కాగితం మీద సిరాతో జవాబు రాస్తున్నాను. ఇందులో క్షమాపణ ఉంటుందనుకుంటే మాత్రం లేదు. ముందే చెబుతున్నాను, తర్వాత వెతుక్కోవద్దు.

నన్ను తిన్నింటి వాసాలు లెక్కపెట్టిన మనిషి అంటున్నారు. తిన్న మాట నిజమే. నువ్వూ నేనూ ఒకే బళ్లో పదేళ్లు పాఠాలు చెప్పాం. మీ వంటింట్లో నేను తిన్న సంబాజా చేపలకు లెక్క లేదు. శాంతి దళం క్యాంపులో సిబ్బంది నడవడిక విభాగానికి స్వాహిలీ, ఫ్రెంచి రెండూ వచ్చిన ఆడమనిషి కావాలట అని మూడేళ్ల కిందట నాకు చెప్పింది కూడా చిరుజాయే. అప్పటికే అతను క్యాంపులో బండి నడుపుతున్నాడు. ఆ పని ఏమిటో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. చేరాక తెలిసింది. ఊళ్లవాళ్లను కాపాడడానికి వచ్చిన దళం మనుషులే ఊళ్లవాళ్లకు చెరుపు చేస్తే, ఆ మాట వినడం, రాయడం, పైకి పంపడం. అందుకే క్యాంపులో మమ్మల్ని ఇంటి పోలీసులు అనేవాళ్లు. మేం భోజనశాలలోకి వెళ్తే రెండు బల్లలు ఖాళీ అయ్యేవి.

ప్రసూతి కేంద్రం గోడకు తగిలించిన ఫిర్యాదుల పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉండేది. ప్రతి శుక్రవారం తెరిచేదాన్ని. అందులో వచ్చేవన్నీ పెద్ద విషయాలని అనుకోవద్దు. దళం బళ్లు దుమ్ము లేపి ఎండేసిన చేపల్ని పాడుచేస్తున్నాయని ఒకరు, క్యాంపు జనరేటర్ మోతకు కోడి గుడ్లు పెట్టడం మానేసిందని ఒకరు. ఒకాయన తన అత్తగారి మీద మూడు పేజీలు రాశాడు. అదీ చదివాను.

అక్టోబరు మొదటి శుక్రవారం ఒకే ఒక చీటీ ఉంది. నోటుపుస్తకం కాగితంలో సగం ముక్క. ‘బట్టలుతికే పని ఇచ్చేముందు ఆడపిల్లల్ని సబ్బు దొర ఎక్కడికి రమ్మంటున్నాడో బండి నడిపేవాణ్ణి అడగండి’ అని ఉంది. పేరు లేదు.

సబ్బు దొర అంటే ఎవరో మీ అందరికీ తెలుసు. క్యాంపులో సరఫరాలు చూసే పరాయి దేశపు అధికారి. కనిపించిన పిల్లలకల్లా సబ్బుబిళ్లలు పంచి ఆ పేరు తెచ్చుకున్నాడు. ఊరంతా అతన్ని దేవుడన్నారు. నేనూ ఒక బిళ్ల తీసుకున్నాను. నురగ బాగా వచ్చింది.

చీటీని మా పెద్ద, సెనెగల్ నుంచి వచ్చిన మదామ్ అవాకు చూపించాను. ఆవిడ ఇరవై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసిన మనిషి. రెండుసార్లు చదివి, ముందు ఎవరినీ నిలదీయొద్దని, వినే చోటు ఒకటి ఉందని తెలిస్తే వాళ్లే వస్తారని చెప్పింది. వచ్చారు. ఒకరా, అయిదుగురా అన్నది కూడా మీకు చెప్పను. ఒకామె మాత్రం మాట్లాడినంతసేపూ తలుపు వంకే చూసింది. ఆమె అన్న మాట ఒక్కటి రాస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో మగవాళ్లు వినాల్సిన మాట అది.

“నన్నెవరూ కొట్టలేదక్కా. పని కావాలా అన్నాడు, కావాలన్నాను. ఎవరూ కొట్టకపోతే అది తప్పవుతుందో కాదో నాకు తెలీలేదు.”

తప్పే. పని చూపించి ఒళ్లు అడగడం దళం నియమాల్లోనే నేరం. ఆకలితో ఉన్నవాళ్లు తలూపితే అది ఒప్పుకోవడం కాదు. ఇటుక బట్టీ వెనక, సబ్బు దొర రమ్మన్న ఇంటికి వాళ్లను బండెక్కించి తీసుకెళ్లింది ఎవరంటే, చిరుజా. ఆ పేరు విన్న రోజు నేను ఇంటికెళ్లి అన్నం వండుకోలేదు. ఈ ముక్క నీ ముందు రాయడానికి నాకేం సంతోషంగా లేదు, ఫైదా. అయినా రాస్తున్నాను.

విచారణ తేలేదాకా పనిలోకి రావద్దని అతనికి కాగితం ఇచ్చారు. ఆ తర్వాతి శనివారం సంతలో ఏం జరిగిందో ఊరంతా చూసింది. చేపల వరస మధ్యలో నువ్వు నన్ను ఆపావు.

“అందరూ చూడండి. నా పొయ్యి దగ్గర కూర్చుని తిన్న మనిషి ఇది. నా మొగుడు పని చూపిస్తే, ఆ పని పట్టుకునే నా మొగుడి మెడ కోసింది. ఇక దీంతో మాట్లాడినవాళ్లు నాతో మాట్లాడనక్కర్లేదు.”

నేను అప్పటికే అరసేరు సంబాజాలు బేరమాడి ఉన్నాను. అమ్మే ఆవిడ వాటిని మళ్లీ బుట్టలో పోసేసుకుని, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేదానికి చేపలెందుకు, ఆ వాసాలే కోసి పులుసు పెట్టుకోమంది. వరసంతా నవ్వింది. మాట బాగానే కుదిరింది, నాకూ నవ్వు రాబోయింది. నేను తిరిగి ఒక్క మాట అనలేదు. భయపడి కాదు. నా కడుపులో ఉన్న సంగతులు నావి కావు కాబట్టి. నేను నోరు తెరిస్తే నాలుగు మాటల్లో మీ అందరి నోళ్లూ మూయించగలిగేదాన్ని. ఆ నాలుగు మాటలూ ఎవరో ఆడపిల్ల మెడకు చుట్టుకునేవి.

నవంబరులో మదామ్ అవాను వేరే ఊరికి మార్చారు. ఆవిడ కుర్చీ వ్యవహారం కూడా క్యాంపు పరిపాలనాధికారే చూడడం మొదలుపెట్టాడు. రెండోరోజే నన్ను పిలిచాడు. కాఫీ తెప్పించాడు, చక్కెర కూడా తనే కలిపాడు. దళానికి ఊళ్లో ఉన్న మంచిపేరు గురించి చాలాసేపు చెప్పాడు. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు. చీటీ రాసినవాళ్లు ఎదురుగా వచ్చి చెప్పకపోతే అది గిట్టనివాళ్ల రాత కింద లెక్కట, ‘ఆధారాలు చాలవు’ అని రాసి మూసెయ్యాలట.

“రాసిందెవరో నీకు తెలుసు. ఇది చిన్న ఊరు, ఇక్కడ నీకు తెలియని మనిషి లేరు” అన్నాడు.

“తెలుసో తెలియదో కూడా నేను చెప్పనండి” అన్నాను.

“నీ ఉద్యోగం గడువు మార్చితో అయిపోతుంది. గుర్తుందా?”

“ఉందండి. కేలండరు నా గదిలోనే ఉంది.”

ముందే టైపు చేయించి పెట్టిన కాగితం నా ముందుకు తోశాడు. సంతకం ఒక్కటే తక్కువ. ‘దీనికి నేను ఒప్పుకోను’ అని దాని మీదే రాసి, తేదీ వేసి, దాని కింద సంతకం పెట్టాను. కాఫీ పూర్తిగా తాగి లేచాను. నకలు ఒకటి మదామ్ అవాకు, ఒకటి రాజధానిలో ఉన్న విచారణాధికారులకు ఆ పూటే పంపాను.

రుగేనే, నువ్వూ విను. ఆ వారమే నువ్వు నా గుమ్మంలోకి వచ్చి, చీటీ రాసినవాళ్ల పేరు చెబితే నా జోలికి రానన్నావు. చెప్పకపోతే ఇల్లు ఉంటుంది గానీ కప్పు ఉండదన్నావు. మీ పక్కింటి ముసలామె రాసిందా, బళ్లో పంతులు రాశాడా అని ఒక్కొక్కరి పేరూ నా మొహం మీద విసిరి, నా కళ్లు ఆడతాయేమోనని చూశావు. రేకులు విప్పుకుపోవాలంటే నిచ్చెన నేనే ఇస్తానన్నాను. ఇవాళా అదే అంటున్నాను. పక్కింటివాళ్ల మీదికి వెళ్లడం ఇక మాను. ఊళ్లో నీకు ఎదురయ్యే ప్రతి ఆడమనిషినీ ఆ చీటీ రాసిన మనిషే అనుకుని చూడు. నీ నడక బాగుపడుతుంది.

విచారణాధికారులు జనవరిలో వచ్చారు, ఇద్దరు. నాలుగు రోజులున్నారు. చెప్పాల్సిన వాళ్లు చెబుతుంటే నేను తలుపు బయట బల్ల మీద కూర్చున్నాను. పరిపాలనాధికారి మూడుసార్లు అటు నడిచాడు, మూడుసార్లూ నేను లేచి నిలబడ్డాను. గౌరవంగానే. తలుపుకి అడ్డంగా.

చిరుజా వంతుకి మాత్రం దుబాసీగా నన్ను లోపలికి పిలిచారు. అతను మొదట తనకేం తెలియదన్నాడు. బండి ప్రతి ప్రయాణం రాసే పుస్తకం తెప్పించారు. అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపించి, వాళ్లు పక్కన పెట్టబోయారు. నేను చూస్తానన్నాను. ఆదివారాల పక్కన ‘సంతకి’ అని అతని చేతిరాతే ఉంది. ఒకటి కాదు, పదిహేడు. మన సంత బుధవారం, శనివారం. ఆదివారం లుహిండాలో చర్చిలో పూజకు తప్ప ఎవరూ గడప దాటరు. ఆ సంగతి రాజధాని నుంచి వచ్చినవాళ్లకు ఎలా తెలుస్తుంది? నాకు తెలుసు. చిరుజా నా వంక చూసి, తను బండి మాత్రమే నడిపానన్నాడు. బండి నడిపే మనిషికి వెనక సీట్లో ఏడుపు వినిపించదా అని నేను అతన్ని అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. మీ ఇంట్లో ఎవరైనా అడగండి.

నిన్న ఉత్తర్వు వచ్చింది. సబ్బు దొర నేరం రుజువైంది. పనిలోంచి తీసేసి అతని దేశానికి పంపేశారు. ఇక ఏ దేశంలోనూ ఏ శాంతి దళంలోనూ అతనికి చోటు లేదు. అక్కడి కోర్టు శిక్ష వేస్తుందో లేదో నాకు తెలియదు. వేస్తుందని అబద్ధం చెప్పలేను. చిరుజా ఉద్యోగం పూర్తిగా పోయింది. నాది కూడా ఈ నెలాఖరుకి పోతుంది. పనులు తగ్గాయి కాబట్టి గడువు పొడిగించలేదని రాశారు. పెట్టెను కూడా గోడ మీంచి ఊడదీయించారు. మేకులు పీకిన చోట నాలుగు చిల్లులున్నాయి.

పోతే పోనీ. ప్రసూతి కేంద్రంలో నర్సమ్మలు నాకో బల్ల ఇస్తామన్నారు. వచ్చే శుక్రవారం నుంచి పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చుంటాను. పెట్టె ఉంటే చీటీ రాయడం వచ్చినవాళ్లే వేసేవాళ్లు, ఇప్పుడు అక్షరం రానివాళ్లు కూడా వస్తారు. రాజధాని చిరునామాలు నాకు కంఠతా వచ్చు. దళం వాళ్లదయినా, మన వీధి వాళ్లదయినా, బండి ఎవరు నడిపినా సరే, రాస్తాను, పంపుతాను.

మీ ఇంట్లో కుండ తేలికైందని తెలుసు. పిండి పంపితే వీధిలో పారబోస్తావని కూడా తెలుసు. అందుకే పంపడం లేదు. నువ్వు నాతో మాట్లాడకపోయినా నేను చేసింది తప్పవదు. మళ్లీ ఆ చీటీ వస్తే మళ్లీ అదే చేస్తాను.

పెద్దాయనకు మరోసారి నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

తల వంచని నీ పాత స్నేహితురాలు,
నబింటు

తాజాకలం:

ఫైదా, ఈ ముక్క వేరే కాగితం మీద రాస్తున్నాను. ఉత్తరాన్ని అందరి ఎదుటా ఇమ్మనీ, దీన్ని నువ్వు ఒంటరిగా ఉన్నప్పుడు నీ గుప్పిట్లోనే పెట్టమనీ మామా మ్వవిటాకు చెప్పాను. ఆవిడకు చదవడం రాదు. చదివి పొయ్యిలో వేసెయ్యి.

ఆ చీటీ దొరకడానికి ముందురోజు, గురువారం వానలో నేను ప్రసూతి కేంద్రం లోపల, టీకాల గదిలో ఉన్నాను. కిటికీలోంచి చూశాను. నువ్వు చీటీ వేశావు. నాలుగడుగులు వెళ్లి, వెనక్కి వచ్చి, పెట్టె నోట్లో వేళ్లు పెట్టి దాన్ని బయటికి తీయబోయావు. అందలేదు. చాలాసేపు ప్రయత్నించావు. నీ వేళ్లు పొట్టివి కావడం ఆ ఆడపిల్లల అదృష్టం.

మదామ్ అవాకు కూడా చెప్పలేదు. నువ్వే రాశావని తెలిస్తే ఆ ఇంట్లో నిన్ను ఉండనివ్వరు, పిల్లల్ని నీతో పంపరు. అందుకే సంతలో అలా అరిచావని తెలుసు. రుగేనే నీ వెనకే నిలబడి ఉన్నాడు. అరవక ఏం చేస్తావు? బాగా అరిచావు. ఇంకా అవసరమైనన్నాళ్లు అరుస్తూ ఉండు, నేను పడతాను. నా ఉద్యోగం పోయిందని నా నోరు జారదు. ఆ భయం పెట్టుకోకు.

ఒక్కటే జాగ్రత్త. ఉత్తరం చదివేటప్పుడు కోపంగా చదువు. నీకు కోపం నటించడం సరిగ్గా రాదు. ఆ రోజు సంతలో చివరి మాట దగ్గర నీ గొంతు వణికింది. నేను తప్ప ఎవరూ వినలేదు.