ఐలయ్య ఒప్పుకోవాలె

1978 జూలై 10
నాలుగో తరగతి. డిఫ్తీరియా పాఠం. పిల్లలకు నోరు తిరగలేదు — కంఠసర్పి అన్నాను. గొంతులో పొర పట్టి ఊపిరాడనివ్వదు. సూది వేయించుకుంటే ఒళ్లు ఆ రోగాన్ని ముందే గుర్తుపెట్టుకుంటుంది, వస్తే తరుముతుంది అని చెప్పాను. సమ్మక్క లేచింది. "గట్లయితే సూదిల దొంగ ఫోటువ ఉంటదా టీచర్?" నాకన్నా బాగా చెప్పింది. బోర్డు మీద అదే రాశాను.

జూలై 13
సూదులేసే జీపు వచ్చింది. నర్సు సుగుణక్క దిగకముందే సగం క్లాసు కిటికీలోంచి దూకి పరుగు. పట్టుకున్న పిల్లాడు ఏడుస్తూ అన్నాడు — "పిల్లలు పుట్టకుండ చేసే సూదంట టీచర్..."

జూలై 14
సాయంత్రం ఇల్లిల్లూ తిరిగాను. కొందరు తిట్టారు, కొందరు మజ్జిగిచ్చారు. సమ్మక్క తండ్రి ఐలయ్య, కాజీపేటలో రైలు పట్టాల పని, మెల్లగా చెప్పాడు. "ఎమర్జెన్సీల నన్ను గిట్లనే జీపెక్కించిండ్రు టీచరమ్మ. జ్వరానికి మందిస్తమన్నరు. ఆపరేషన్ జేసి తోలిండ్రు. నాకున్నది గీ ఒక్క బిడ్డనే."


జూలై 15
సుగుణక్కతో తేల్చి చెప్పాను. జీపు వద్దు, నడిచి రా. తల్లిదండ్రుల ముందే, వాళ్లను అడిగాకే. "ఎవరొస్తరు?" అంది. తెలియదు. అయినా ఇట్లాగే.

జూలై 24
వచ్చారు! చాలామంది తల్లులు. పెద్దవాళ్లకు వేసే ధనుర్వాతం సూది ముందు నేనే వేయించుకున్నాను, అందరూ చూస్తుండగా. తర్వాత పిల్లలకు కంఠసర్పి సూది.
ఐలయ్య రాలేదు. సమ్మక్క వరుసలో నిలబడి చెయ్యి చాపింది. "ఎయ్యుమను టీచర్, మా బాపుకు చెప్ప." సుగుణక్క నా మొహం చూసింది. వద్దన్నాను. ఆ మనిషిని అడగకుండా కోశారు. ఆయన బిడ్డకు అడగకుండా సూది వేయించలేను. పిల్ల ఏడ్చుకుంటూ పోయింది.

జూలై 28
పక్క వాడలో ఒక పిల్లకు గొంతు వాచింది. ఊపిరాడక వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. కంఠసర్పే అంటున్నారు. సమ్మక్క మొహమే కళ్లముందు. సుగుణక్కకు కబురు పంపాను. రేపు వస్తానంది.

జూలై 29
తెల్లారగానే ఐలయ్య ఇంటికి. పక్క వాడ పిల్ల సంగతి చెప్పాను. ఐలయ్య అడిగాడు — "నన్ను కోసినోళ్లు, గీ సూదులేసేటోళ్లు... ఒక్క సర్కారేనా?"
కాదంటే పనయిపోయేది.
"ఒక్కటే అన్నా. నీకు చేసింది అన్యాయం. ఈ సూది మాత్రం పిల్లను కాపాడుతది. నువ్వు పక్కనే ఉండు. వద్దంటే అక్కడికే ఆపుత."
"చూస్త" అన్నాడు. అంతే.
బడికొచ్చి ఇది రాస్తున్నాను. సుగుణక్క వరండాలో సూదులు మరగబెడుతోంది. సమ్మక్క ఇంకా రాలేదు. ఐలయ్య ఇవాళ పనికి పోలేదట — పిల్లలు చెప్పారు.