కెమెరాలోకి చూసిన పిల్లాడు

కల్వర్ సిటీ,
మార్చి, 1955

నా బంగారు చెల్లెలు సెల్మాకి,

నీ దగ్గు తగ్గిందా? ఫ్రెస్నోలో పొగమంచు కమ్మిందని రేడియోలో విన్న దగ్గర్నుంచి నాకు స్థిమితం లేదు. కిటికీలు మూసుకో. మరీ బిగించి మూసేస్తే గ్యాసు పొయ్యితో ప్రమాదం, ఒకటి కాస్త తెరిచే ఉంచు. నా కోడిగీతలు చూసి నవ్వకు, చదువుకోనిదాన్ని, ఇంతకంటే రాదు.

అసలు సంగతి విను. నిన్న పక్కింటి డొలోరెస్ పిల్లలు కంచె దూకి వచ్చి, "మామ్మా, టెలివిజన్లో ఓ బుడ్డోడు కేకులో మొహం పెట్టేశాడు! వాడి చెవులు కూజా పిడుల్లా ఉన్నాయి!" అని పడీ పడీ నవ్వారు. ఆ చెవులు మన వెండెల్‌వి కాక ఇంకెవరివే? పిల్లల మూకంతా కలిసి అల్లరి చేసే ఆ పాత పొట్టి సినిమాలు శనివారం పొద్దున పూట మళ్ళీ వేస్తున్నారట.

నీకు గుర్తుందో లేదో. మా అమ్మాయి ఇర్మా లాండ్రీలో ఇస్త్రీ పనికి పోతే, దాని కొడుకు వెండెల్‌ని స్టూడియోకి తీసుకెళ్ళేదాన్ని నేనే. మూగ సినిమాల రోజులు కదా, కెమెరా తిరుగుతుండగానే డైరెక్టరు "పరిగెత్తరా! పడరా! కుక్కని చూసి హడలిపోరా!" అని కేకలు పెడుతుండేవాడు. పిల్లలకి ఒకటే కట్టడి, కెమెరా వంక చూడకూడదు. ఒకరోజు వెండెల్ పొద్దుట్నుంచీ ఏమీ తినలేదని నాకు ఒకటే బెంగ. కెమెరా వెనక నిలబడి జామ్ రాసిన రొట్టెముక్క ఎత్తి చూపించాను. అంతే, వాడు చేసే పని మర్చిపోయి, సూటిగా కెమెరాలోకి చూసి, పిచ్చికపిల్లలా నోరు తెరిచి నవ్వేశాడు. కెమెరా అబ్బాయి "మామ్మగారూ, మీ రొట్టె మా రీలు తినేసిందండీ!" అని నెత్తి కొట్టుకున్నాడు. నేను చచ్చేంత భయపడ్డాను, పిల్లాణ్ణి రేపట్నుంచి రావద్దంటారేమోనని. డైరెక్టరు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి "ఉండనీ, ఉండనీ" అన్నాడు.

యుద్ధంలో వాడి ఓడ మునిగాక మనకి మిగిలిందేముంది సెల్మా? పూలు పెట్టడానికి సమాధైనా లేదు. ఇర్మా ఫొటోలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసింది. నా ముందు వాడి పేరెత్తదు, నేనూ ఎత్తను. కానీ ఆ చూపు ఒకటుంది. అది నా కోసం చూసిన చూపు. ఒక్కసారి చూడాలి. ఇర్మా ఇంట్లో టెలివిజన్ ఉంది గానీ, అడిగితే దాని మనసు ఏమైపోతుందో! డొలోరెస్ ఇంటికే పోతాను. ఇర్మాకి చెప్పకు.

దగ్గు మందు మానకు.

నీ అక్క,
హుల్డా

* * *

కల్వర్ సిటీ,
తరవాతి సోమవారం

నా చిట్టి సెల్మాకి,

నీ జాబు రాలేదు. మంచం పట్టావా? పట్టకపోతే వెంటనే రాయి.

శనివారం డొలోరెస్ వాకిట్లోకి అడుగు పెడుతుంటే ఇర్మా కారు ఆగింది. "ఎక్కు అమ్మా" అంది. దొంగలా దొరికిపోయాననుకున్నాను. వాళ్ళింటికి వెళ్తే ఏముంది, టెలివిజన్ ముందు కుర్చీ, కిటికీలకి తెరలు.

"ఈ బొమ్మలు మొదట్నుంచీ చూస్తున్నానమ్మా. నువ్వు తట్టుకోలేవని చెప్పలేదు. డొలోరెస్ నిన్న ఫోన్లో నువ్వు వస్తున్నావంది."

"నేను తట్టుకోలేనా? నువ్వు తట్టుకోలేవనే కదే నేను దొంగచాటుగా బయల్దేరింది!"

"సరిపోయాం ఇద్దరికిద్దరం" అంది. చాలా ఏళ్ళకి నవ్వింది సెల్మా.

రెండో బొమ్మలో వచ్చాడు. చిరిగిన టోపీ, ఆ చెవులు. బండి తోస్తూ తోస్తూ ఆగి, సూటిగా మా వైపు చూసి నోరు తెరిచి నవ్వాడు. నేను కుర్చీలో ముందుకి జరిగాను. ఇంతలో ఇర్మా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశావా అమ్మా? నన్నే! లాండ్రీలో సెలవడిగి వచ్చానే, ఆ రోజు. కెమెరా వెనకే నిలబడ్డాను. నన్ను చూసే నవ్వాడు."

ఇర్మా స్టూడియోకి వచ్చింది ఒకే ఒక్కరోజు. ఆ రోజు వాన కురిసి కెమెరా బయటికే తియ్యలేదు. అది మర్చిపోయిందో, మరి వాడు వెళ్ళిపోయాక ఇలాగే గుర్తు పెట్టుకుందో. రొట్టెముక్క మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. నాకున్నది ఆ ఒక్క చూపే కదే సెల్మా. కానీ దాని మొహం చూశాను.

"అవునే, నిన్నే. నీ నీలం గౌను చూసి మురిసిపోయాడు వెధవ" అన్నాను.

"మరి నోరెందుకు తెరిచాడంటావ్?"

"ఆకలేసి ఉంటుంది."

"వాడికెప్పుడూ ఆకలే" అంటూ కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి పోయింది. నువ్వూ ఏమీ తినలేదు కదా అంటూ రొట్టెముక్కకి జామ్ రాసి తెచ్చి నా చేతిలో పెట్టింది. దానికేమీ తెలీదు.

తినలేకపోయాను. బొమ్మ అయిపోయేదాకా దాన్ని అలా ఎత్తి పట్టుకునే కూర్చున్నాను.

కిటికీ సంగతి మర్చిపోకు.

నీ అక్క,
హుల్డా