హాల్లో గీసిన కారవాన్

మార్చి 1, శనివారం

తీర్మానం అయింది! ఈ వసంతంలో కారవాన్ అద్దెకు తీసుకుని, మాకు దక్షిణాన ఉన్న మూడు రాష్ట్రాలూ చుట్టి రావాలి. షూటింగుల దగ్గర కనిపించే రకం బండి. ఇల్లూ అదే, వాహనమూ అదే. నేనూ, మా ఆవిడా, ఇద్దరమే. ఏప్రిల్ 3న బయలుదేరడం, 12న ఇల్లు చేరడం.

మా ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. ఎన్నేళ్ళుగానో అడుగుతుంటే, ఈసారి ఒకేసారి పది రోజులు సెలవిచ్చారు. ఆ కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

"ఇదిగో, నా వంతు అయింది. ఇక మీ వంతు. ఈసారి కూడా మ్యాపు మీదే తిప్పారనుకోండి, ఇంకెప్పుడూ అడగను."

అరిచినా బాగుండేది. అడగను అనడమే భయంగా ఉంది.

తల గట్టిగా ఊపాను.

ఆమె కోరినవి రెండే. కొండ మీద విరగబూసే ఊదారంగు పూలు, రాలిపోకముందే చూడాలి. తర్వాత సముద్రం. ఒడ్డున బండి ఆపి, దాని మెట్టు మీద కూర్చుని కాఫీ తాగాలట.

ఖర్చులు ఎప్పటిలా రోజువారీ పద్దులో రాస్తాను. ఇక్కడ రాయను. ఇది సంతోషానికి పెట్టిన పుస్తకం.

మార్చి 2, ఆదివారం

కారవాన్ల షెడ్డుకు వెళ్ళాను. యజమాని మీసాలాయన బండి తలుపు తీసి చూపించాడు. మంచం, పొయ్యి, సింకు, మడత బల్ల, బాత్రూము. టేపు తీసి కొలిచాను. అన్నీ కొలిచాను.

"సార్, అద్దెకా, కొనడానికా?" అన్నాడు.

ఇంటికొచ్చి, హాల్లో సోఫా జరిపి, నేల మీద సుద్దతో బండి గీశాను. మా పైపుల గోదాములో పద్ధతి అంతే. సరుకు రాకముందే దాని చోటు నేల మీద గీయాలి. గీత లేనిదే లోడు దించనివ్వను. స్టోర్‌కీపరుగా ఇది నాకెవరూ నేర్పలేదు. నేనే కనిపెట్టాను. ఇంతవరకు ఒక్క పైపు దారికి అడ్డం పడలేదు.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏంటండీ ఇది, తొక్కుడుబిళ్ళా?"

"కారవాన్."

చెప్పులు విడిచి, తలుపు గీసిన చోటు నుంచే లోపలికి వచ్చింది. మంచం మీద, అంటే మంచం గీతల మధ్య, కాళ్ళు చాపుకుని కూర్చుంది. నవ్వింది. ఈమధ్య ఆమె అలా నవ్వగా చూడలేదు.

మొదలు బ్రహ్మాండం!

మార్చి 6, గురువారం

మూడు రాష్ట్రాల మ్యాపులు గోడకు అంటించాను. మొదటి రోజు దారి పూర్తి. ఎక్కడ పెట్రోలు, ఎక్కడ టీ, ఎండ ఏ కిటికీ మీద పడుతుంది, అన్నీ.

ఏప్రిల్ మొదటి వారం దాటితే పూలు రాలడం మొదలవుతుందని పేపర్లో వేశారు. మేము 5వ తేదీకే కొండ మీద ఉంటాం. బోలెడంత వ్యవధి.

బండి నేనే నడుపుతాను. పెద్ద బండ్లు నడపడం గురించి పుస్తకం కొన్నాను. వెనక్కి తోలే అధ్యాయం రెండుసార్లు చదివాను.

మార్చి 9, ఆదివారం

రిహార్సల్. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గీతల్లోనే కాపురం.

నియమాలు: రాకపోకలు తలుపులోంచే. గోడలోంచి నడవకూడదు. బండి కదులుతుంటే ఎవరూ లేవకూడదు.

ఫలహారం దాకా అద్భుతంగా సాగింది. అప్పుడు అత్తగారూ, బావమరిదీ వచ్చారు. వాళ్ళుండేది రెండు వీధుల అవతలే. అత్తగారు వస్తూనే గోడలోంచి నడిచి వచ్చేశారు.

"అత్తయ్యగారూ, గోడ" అన్నాను.

"ఏ గోడ నాయనా?" అని, పొయ్యి మీద కూర్చున్నారు.

బావమరిది స్కూలు బస్సు నడుపుతాడు. నోటికి బ్రేకు లేదు. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని బండి ముందు భాగంలో వేసుకున్నాడు. "బావా, హారన్ గీయడం మర్చిపోయావ్!"

ఇంతలో మా ఆవిడ ఫోను మోగింది. అది బండి బయట, కిటికీ అరుగు మీద ఉంది. ఆమె లేవబోయింది.

"బండి కదులుతోంది" అన్నాను.

"అయితే ఆపండి."

"ఇక్కడ ఆపకూడదు. మలుపు."

"ఆస్పత్రి ఫోనండీ!"

"ఒరే అబ్బాయీ, బ్రేకు వెయ్యరా" అన్నారు అత్తగారు కొడుకుతో. వాడు కుర్చీలోనే ముందుకు తూలి, నోటితో కీచుమని చప్పుడు చేశాడు. అప్పటికి ఫోను ఆగిపోయింది.

మధ్యాహ్నం అత్తగారు కిటికీ గీత పక్కన కునుకు తీశారు. లేచి, "ఇక్కడ గాలి ఎంత బాగుందర్రా! నేనూ వస్తాను" అన్నారు. ఆ కిటికీ ఎదురుగా ఉన్నది బీరువా.

నేను ఏమీ అనలేదు. ఒప్పుకున్నానని అనుకున్నారు. తల్లి వస్తే కొడుకు రాకుండా ఉంటాడా?

మార్చి 12, బుధవారం

నలుగురం అయ్యాం. ఆ బండి చాలదు. పాత గీతలు తుడిచి పెద్ద బండి గీశాను. సోఫా వరండాలోకి వెళ్ళింది. బండి వెనక భాగం వంటింట్లోకి వచ్చింది. మా ఆవిడ పాలు కాచాలంటే బాత్రూములోంచి వెళ్ళాలి.

పెద్ద బండి 6వ తేదీ దాకా ఖాళీ లేదట. సెలవు మూడు రోజులు జరపాలి.

"బతిమాలి తెచ్చుకున్న సెలవండీ అది" అంది. "మళ్ళీ వెళ్ళి తేదీలు మార్చమంటే పెద్ద డాక్టరు ఏమంటాడు?"

మూడు రోజులే కదా. పూలు ఎక్కడికీ పోవు.

మార్చి 13, గురువారం

అడిగి వచ్చింది. మార్చారట. ఏమన్నారో చెప్పలేదు. అన్నం సగంలో వదిలేసింది.

మార్చి 18, మంగళవారం

మీసాలాయన కబురు పంపాడు: "ఫోన్ చేసి ఖాయం అని ఒక్క మాట చెప్పండి సార్, బండి మీ పేరున పెట్టేస్తా."

నాకు ఫోన్లో మాట్లాడటం చేతకాదు. అవతలివాడి ముఖం కనిపించదు, వాడు ఊపిరి ఎప్పుడు తీసుకుంటాడో తెలియదు. ఉత్తరం రాశాను. వాన వస్తే పైకప్పు కారుతుందా? నీళ్ళ ట్యాంకు సగమే ఉంటే బండి ఒక పక్కకు ఒరుగుతుందా? నిద్రలో ఒకరు అటు తిరిగితే రెండోవారికి తెలుస్తుందా? మూడు పేజీలు వచ్చింది. ఏ సందేహమూ మిగల్లేదు. ఇంత వివరంగా ఎవరూ రాసి ఉండరు.

మార్చి 23, ఆదివారం

వాన రోజు రిహార్సల్ చేయాల్సింది. చేయలేదు. కారణాలు: మెడ పట్టేసింది. గోదాములో కొత్త సరుకు. వాన కూడా లేదు.

బావమరిది వచ్చాడు. "బావా, బండి వెనక్కి తోలడం పుస్తకం చదివితే రాదు. పద, మా స్కూలు మైదానంలో నేర్పిస్తా."

రేపు అన్నాను.

మార్చి 24, సోమవారం

మెడ.

మార్చి 29, శనివారం

కొండకు రెండు దారులు. ఒకటి దగ్గర, కానీ మలుపులు. రెండోది తిన్నగా ఉంది, కానీ మధ్యలో పెట్రోలు బంకు లేదు. రెండిటి మంచీ చెడ్డా పట్టిక వేశాను. సరిసమానంగా వచ్చాయి. మళ్ళీ వేశాను. మళ్ళీ సమానం.

మా ఆవిడ బట్టలు మడతపెడుతూ అడిగింది: "ఎంతవరకు వచ్చిందండీ?"

"సరిహద్దు దాకా."

"ఎవరు, మనమా, పెన్సిలా?"

ఏప్రిల్ 2, బుధవారం

మీసాలాయన నుంచి జవాబు. ఇక్కడ యథాతథంగా ఎక్కిస్తున్నాను.

'సార్, మీ ప్రశ్నలు చూసి మా మెకానిక్ కూడా ఆ బండి ఎక్కడానికి జంకుతున్నాడు. మూడు పేజీలూ రెండుసార్లు చదివాను. బండి కావాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. వద్దనుకున్నారేమో అని వేరేవాళ్ళకి ఇచ్చేశాను.'

నా దగ్గర ఉత్తరం నకలు ఉంది. తీసి చదివాను. నిజమే, లేదు.

మా ఆవిడతో చెప్పాలి. సాయంత్రం చెబుతాను.

ఏప్రిల్ 3, గురువారం

చెప్పలేదు. ఆమె ఎండకు టోపీ కొనుక్కొచ్చింది. అద్దం ముందు పెట్టుకుని చూసుకుంటోంది. అప్పుడెలా చెబుతాం?

ఏప్రిల్ 4, శుక్రవారం

చెప్పలేదు. ప్లానులో చిన్న సవరణ ఉంది అన్నాను. ఏం సవరణ అంది. చిన్నదే అన్నాను.

ఏప్రిల్ 5, శనివారం

తెలిసిపోయింది. కాఫీ కెటిల్‌కి బండిలో ప్లగ్గు ఉందో లేదో కనుక్కుందామని ఆమే మీసాలాయనకు ఫోన్ చేసింది. అవతల ఏం చెప్పాడో విని, ఫోను ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది. అరవలేదు.

మళ్ళీ ఫోన్ చేసింది.

"ఏదో ఒక బండి ఉందా అండీ?... పాతదా? నడుస్తుందా?... అద్దం పగిలితే పగిలింది, అట్ట పెట్టుకుంటాం. రేపు పొద్దున్నే కావాలి."

అయిపోయింది! నేను నెల రోజులు చేసిన పని, నిలబడి, ఒక చేత్తో టోపీ పట్టుకుని చేసేసింది.

ఆ బండి కొలతలు అడగలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

బండి వాకిట్లోకి వచ్చింది. పాతది, చిన్నది. రంగు వెలిసింది. ఒక కిటికీకి అట్టముక్క. బావమరిది స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అత్తగారు అట్టముక్క లేని కిటికీ చూసుకుని కూర్చున్నారు. సామాను ఎక్కేసింది.

నేను టేపుతో దిగాను. గీసినదానికంటే అడుగున్నర తక్కువ. నా లెక్కలేవీ దీనికి పనికిరావు. గ్యాసు పొయ్యి ఎవరూ వెలిగించి చూడలేదు.

"రేపు బయలుదేరదాం" అన్నాను. "పొయ్యి చూడాలి."

మా ఆవిడ బండి తలుపు దగ్గర నిలబడి ఉంది. "పూలు ఇప్పటికే రాలుతుంటాయండీ. నా సెలవు ఇవాళ మొదలైంది. పొయ్యి వెలగకపోతే బయట తింటాం. మీరు ఎక్కుతారా, లేదా?"

ఇంజను ఆన్‌లోనే ఉంది. బావమరిది కూడా నోరు మూసుకుని కూర్చున్నాడు. వస్తానని ముందు చెప్పాలా, పొయ్యి సంగతి తేల్చి చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. రెండిటికీ సమాన బలం ఉంది.

నేను ఏమీ అనలేదు.

ఆమె తలుపు వేసుకుంది. విసురుగా కాదు, మెల్లగానే.

మా సందు ఇరుకు. బావమరిది బండిని ఒక్క ఊపులో వెనక్కి తోలి, తిప్పుకుని వెళ్ళిపోయాడు. పుస్తకంలో ఉన్న పద్ధతి కాదు.

ఏప్రిల్ 7, సోమవారం

గోదాముకు వెళ్ళి వచ్చాను. హాలు తుడవలేదు. సోఫా వరండాలోనే ఉంది. పాలు కాచడానికి బాత్రూము గీతలోంచే వెళ్ళాను. ఎవరూ చూడటం లేదు కదా, గోడలోంచి వెళ్ళొచ్చు. వెళ్ళలేకపోయాను.

ఫోను రాలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

మధ్యాహ్నం ఫోన్ చేసింది. కొండ మీద నుంచి.

"దారి తప్పామండీ. రెండుసార్లు. మీ బావమరిదిగారేమో దారి ఎవరినీ అడగడు, అడిగినా వినడు. పొయ్యి భేషుగ్గా వెలిగింది."

నేను వింటున్నాను.

"పూలు సగం రాలిపోయాయి. మొన్న వచ్చి ఉంటే చెట్లు కనిపించకుండా పూసి ఉండేవట. ఇప్పుడు నేలంతా ఊదా రంగే. అమ్మ చెప్పులు విప్పి నడుస్తోంది... ఉన్నారా?"

"ఊ."

"ఎల్లుండికి సముద్రం చేరతాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి, మెట్టు మీద కూర్చోదు. వాడు కాఫీ తాగడు."

అడగను అంది కదా, అడగలేదు.

"వస్తాను" అన్నాను.

తర్వాత బావమరిది గొంతు వినిపించింది. "బావా, ఏం తిట్టావ్? అక్క ఫోను నా చేతిలో పెట్టి అటు తిరిగింది."

ఏప్రిల్ 9, బుధవారం. బస్టాండు

కొత్త తీర్మానం. మ్యాపు తేలేదు. ప్లాన్ లేదు. దక్షిణం వైపు ఏ బస్సు ముందొస్తే అది ఎక్కాలి. ఆలోచించకూడదు. అంతే!

మొదటి బస్సు వచ్చింది. వెనక టైరు బాగా అరిగి ఉంది. వదిలేశాను. దీన్ని లెక్కలోకి తీసుకోను.

రెండో బస్సు. కండక్టరు మెట్టు మీద నిలబడి, "ఎక్కండి పెద్దాయనా, ఎటు?" అన్నాడు.

"సముద్రం."

"ఏ ఊరండీ సముద్రం?"

నాకు తెలియదు. మా ఆవిడకు ఫోన్ చేశాను. నేనే చేశాను!

"ఏ ఊరు?" అన్నాను.

"మాకూ తెలీదండీ. నీళ్ళు కనబడ్డాక ఎవరినైనా అడుగుతాం. మీరెక్కడున్నారు? బయలుదేరారా?"

"ఆ. బస్టాండులో ఉన్నాను."

"అయితే ఎక్కేయండి ముందు. ఎక్కడ దిగితే అక్కడికొచ్చి ఎక్కించుకుంటాం."

నవ్వుతోంది. అది విన్నాక ఫోను పెట్టేయబుద్ధి కాలేదు. కండక్టరు రెండు ఈలలు వేసి వెళ్ళిపోయాడు.

తీర్మానం మళ్ళీ మొదటి నుంచి. మూడో బస్సుతో అమలు. టైర్లు చూడను. బోర్డు చదవను. సీటు ఎటు వైపో లెక్క వేయను.

అదిగో, మలుపులో ఏదో వస్తోంది. కళ్ళజోడు తీసి జేబులో పెట్టేసుకున్నాను.