ఆయన మోసిన మెరక

ఏప్రిల్ 28

తోట చుట్టూ కంచె వేసేశారు. మా కొబ్బరితోట చుట్టూ. లోపలికి వెళ్ళబోతే శ్రీను అడ్డం వచ్చాడు. వెంచరు వాళ్ళ మనిషి, ప్లాట్లు చూపించడం వాడి పని. "మామ్మగారండీ, ఇకమీదట ఆఫీసులో చెప్పి రావాలండీ" అన్నాడు. ఏది ఆఫీసు? మా మోటారు గది. దానికి నీలం రంగు కొట్టి, ఏసీ బిగించి ఆఫీసు అంటున్నారు. ఆ గోడలకి ఇటుకలు అందించిందాన్ని నేను. నేను చెప్పి రావాలట!

నాకు అక్షరం ముక్క రాదు. పక్కింటి కరుణ రాస్తోంది, రిటైరైన టీచరు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. "తిట్లు తీసేస్తానండి అక్కయ్యగారూ" అంది. తిట్లు తీసెయ్యి, కోపం ఉంచు అన్నాను.

ఏప్రిల్ 29

తోట అమ్మిన కాగితం మీద వేలిముద్ర వేసింది నేనే. కాదనను. నా కొడుకు శామ్యూలు, అమలాపురం కరెంటాఫీసులో ఉద్యోగం, కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మా, నాన్నగారి సమాధి ఉన్న చోటు పార్కులోకి వస్తుంది. ఎవ్వరూ ముట్టుకోరు. చుట్టూ పూలమొక్కలేస్తారు." ప్లాను కాగితం మీద పచ్చరంగు వేసిన చోటు చూపించాడు. ఆ పచ్చరంగు చూసి వేశాను.

మే 6

చెట్లు కొడుతున్నారు. రంపం మోత పొద్దుటినుంచీ. ఒక్కో చెట్టు పడినప్పుడల్లా నేను కూర్చున్న మంచం అదురుతోంది...

ఆయన సమాధి తలవైపు చెట్టు కూడా పోయింది. ఏ చెట్టు పడిన చప్పుడు దానిదో తెలియలేదు.

మే 11

ఆదివారం. చర్చి నుంచి వస్తుంటే కంచె పక్కన వ్యాను. రాజమండ్రి నుంచి జనం, కొనడానికి. శ్రీను చెయ్యి చాపి ఊరంతా అమ్మేస్తున్నాడు. "ఇటు పావుగంటలో ఆత్రేయపురం అండీ, పూతరేకులు. అటు వెళ్తే దిండి, పడవ ఇళ్ళు. అంతర్వేది బీచీ, దేవుడి దర్శనం, రెండూ ఒకే రోజులో అయిపోతాయండీ. సాయంత్రం మీ డాబా మీంచి గోదారి."

ఒకావిడ అడిగింది, "మరి వరదొస్తేనో?"

"ఆయ్, ఇక్కడికి రాదండీ. ఇది దేవుడిచ్చిన మెరకండీ."

నడిచేదాన్ని ఆగిపోయాను. "దేవుడు ఇవ్వలేదురా! మేం మోశాం!" అని అరిచాను. అందరూ తిరిగి చూశారు. శ్రీను నవ్వి, "మామ్మగారు లోకల్ అండీ" అన్నాడు, నన్ను కూడా పూతరేకుల పక్కన చేర్చినట్టు.

రాయి కరుణా. అది పల్లం. మేం కొన్నప్పుడు మోకాలి లోతు బురద, చవగ్గా వచ్చింది. ఏటా ఎండాకాలం కాలవ కట్టేసి పూడిక తీస్తారు కదా, గట్టు మీద పోసిన ఆ మట్టి ఎవరు తీసుకెళ్ళినా అడిగేవాడు లేడు. పగలు ఆసాముల పొలంలో కూలి, పొద్దువాలాక మా మట్టి. ఆయన పార, నా తల మీద తట్ట. ఎన్ని ఎండాకాలాలో! శామ్యూలు కడుపులో ఉన్నప్పుడు కూడా మోశాను. పల్లం లేచి నేలయింది, నేల లేచి మెరకయింది. అప్పుడు పెట్టాం కొబ్బరి.

మే 24

శామ్యూలు వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. పళ్ళు తెచ్చాడంటేనే అనుకున్నాను.

"అమ్మా, కోప్పడకు. సమాధి ఉందంటే పక్క ప్లాట్లు ఎవరూ కొనట్లేదంట. వాస్తు అంటున్నారు. నాన్నగార్ని ఊళ్ళో సమాధుల తోటకి మార్చేద్దాం. చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తానన్నారు. గ్రానైటు రాయి కూడా వాళ్ళే వేయిస్తారంట."

"మార్చడానికి ఆయనేమన్నా నీ కరెంటు స్తంభమా?"

తలొంచుకున్నాడు. "అమ్మా, అందరూ వింటున్నారు."

"విననీ."

మే 25

ఆయన పోయింది గోదారి వచ్చిన రోజుల్లో. సమాధుల తోట మీద పడవలు తిరుగుతున్నాయి. పెట్టె చెయ్యడానికి వడ్రంగి లేడు. చాపలో చుట్టాం. ఊరికంతటికీ తడవని చోటు మా మెరక ఒక్కటే. ఆయన మోసుకున్న మట్టి ఆయనకే పనికొచ్చింది. సిమెంటు ఎక్కడిది... తలవైపు ఓ కొబ్బరి మొక్క నాటాం, గుర్తుకి. పక్కన నాకు చోటు వదిలించాను. ఆ పక్క చోటు సంగతి ఈ గొడవలో ఒక్కరూ అడగలేదు.

జూన్ 2

అన్నం సయించడం లేదు.

జూన్ 9

మార్చడం ఖాయం చేసేశారు. రేపు చోటు చూపించాలట. శామ్యూలుకి తెలియడం లేదు. ఏటా సమాధుల పండక్కి వచ్చి ఆ చెట్టు కింద కొవ్వొత్తి వెలిగించిన కొడుకే! కానీ చెట్లు లేవు, మొదళ్ళు కూడా పొక్లెయినుతో పెకలించేశారు. అంతా బోసి బయలు. నడుం మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు, సంతలో తప్పిపోయిన పిల్లాడిలా. "ఇక్కడా అమ్మా? ఇక్కడేనా?"

నాకు తెలుసు. మోటారు గది గుమ్మంలో నిలబడి చర్చి శిలువ వైపు చూస్తే, ఆ చూపు దారిలోనే ఆయన. గదికి ఏ రంగు కొట్టినా గుమ్మం కదల్లేదు.

జూన్ 10

చూపించాను. కాలవ వైపు పల్లపు మూల. "పచ్చరంగు అటు కదమ్మా" అన్నాడు శామ్యూలు, "గీసినవాడికేం తెలుసు, పాతిపెట్టిందాన్ని నేను" అన్నాను. అక్కడ ఆయన లేడు.

కరుణా, ఇదీ రాయి. రాసి నోరు మూసుకో.

తవ్వారు. ఏం దొరుకుతుంది? మట్టి. "చాపలో పెట్టేరు కదండీ, ఇన్నేళ్ళయ్యింది" అన్నాడు తవ్వినతను. అయ్యగారు కళ్ళు మూసుకుని, "మన్ను మన్నులో కలిసిపోయింది" అన్నారు. ఆ మన్ను ఓ చిన్న పెట్టెలో ఎత్తి, తెల్లగుడ్డ కప్పి, పాటలు పాడుతూ తీసుకెళ్ళారు. శామ్యూలు ఏడ్చాడు. వాడు ఏడుస్తుంటే చెప్పేద్దామా అనిపించింది... పళ్ళు బిగబట్టాను. ఆయన పార్కులో ఉంటాడు. పచ్చరంగులో. పూలమొక్కల కింద. నా కొడుకు మాటిచ్చింది కూడా అదే కదా.

జూన్ 29

నల్ల గ్రానైటు. ఆయన పేరు చెక్కారట, కరుణ చదివి వినిపించింది. తప్పుల్లేవంది.

ఆగస్టు 14

గోదారి వచ్చింది. కొత్తపేట రోడ్డు మీద నీళ్ళు, బస్సులు లేవు. మా వీధి గుమ్మాల దాకా వచ్చి ఆగింది. సమాధుల తోట మునిగింది. పరామర్శకి వచ్చినవాళ్ళు, "పాపం, కొత్త రాయి... పెద్దాయన నీళ్ళలో ఉన్నారండీ" అంటూ ముక్కు చీదారు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఏడుపనుకున్నారు. నవ్వు. ఆయన పొడిగా ఉన్నాడర్రా!

ఎన్నాళ్ళకో ఇవాళ కడుపునిండా తిన్నాను.

ఆగస్టు 16

నీళ్ళు ఇంకా ఉన్నాయి. శ్రీను పడవ మాట్లాడి కొనేవాళ్ళని తీసుకొచ్చాడు. మెరక మీద నిలబెట్టి ఫోటోలు తీస్తున్నాడు. "చూడండి, చెప్పు తడవలేదు. ఊరు మునిగినా ఈ మూల మునగదండీ." చర్చి వైపు మూల. ఆయన ఉన్న మూల. వాళ్ళు కాళ్ళతో నేల తడుతున్నారు, గట్టిగా ఉందో లేదో అని.

సెప్టెంబరు 7

పార్కు బోర్డు మార్చారు. కాలవ వైపు పల్లంలో పాతారు.

పరిగెత్తినంత పని చేశాను. "ఏరా శ్రీనూ, పార్కు ఈ చర్చి వైపు మూల కదా?"

"ఆయ్, మార్చేరండీ. వరదలో అందరూ ఈ మూలే అడిగేరు. ఎత్తు చోటు మొక్కలకి వదిలేస్తారాండీ ఎవరైనా? పార్కెక్కడుంటే మీకేంటి మామ్మగారండీ, ఊయల మాత్రం మీకు ఫ్రీయే!"

నేను వేలుపెట్టి చూపించిన ఉత్త గోతి మీద పార్కు. ఆయన మీద ప్లాటు.

సెప్టెంబరు 8

శామ్యూలుకి ఫోను చేయించాను. పార్కు మార్చారురా అన్నాను. "మారిస్తే ఏమైందమ్మా? నాన్నగారు సమాధుల తోటలో ఉన్నారు కదా." ఊఁ అన్నాను. "నీ ఆరోగ్యం ఎలా ఉంది?" అన్నాడు. పెట్టెయ్యమన్నాను.

సెప్టెంబరు 19

"చెప్పెయ్యండి అక్కయ్యగారూ" అంటోంది కరుణ. రోజూ అదే పాట. చెబితే తవ్వి తీస్తారు. చెప్పకపోతే తవ్వి పారేస్తారు. ఏది మంచిదో నీ పుస్తకాల్లో ఉంటే చదివి చెప్పు అన్నాను. కలం మూత పెట్టుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 20

మళ్ళీ వచ్చింది. చారు తెచ్చింది.

అక్టోబరు 5

కొన్నవాళ్ళు వచ్చారు. పెద్ద కార్లవాళ్ళు ఎవరో అనుకున్నాను, నోటినిండా మాటలు సిద్ధం చేసుకున్నాను. స్కూటీ మీద వచ్చారు. లలిత, కొత్తపేటలో నర్సు. మొగుడు తాటిపాక దగ్గర గ్యాసు పనికి వెళతాడట. ఆ బయల్లో ఇద్దరూ నిలబడి, ఇక్కడ వంటిల్లు, ఇక్కడ మంచం అని చేతులతో గాల్లో ఇల్లు కట్టుకుంటున్నారు.

వెళ్ళగొడదామని చూశాను. "పాములు ఎక్కువమ్మా" అన్నాను.

"మా అద్దింట్లో ఓనరమ్మకంటేనా అండీ? రాత్రి ఎనిమిదికల్లా నీళ్ళు కట్టేస్తుంది" అని నవ్వింది.

"వరదొస్తుంది."

"వరదలో చూసేకే కొన్నామండీ మామ్మగారూ. మీవారే మోసేరంట కదండీ ఈ మట్టంతా, శ్రీనుగారు చెప్పేరు. ఇంత మెరక ఉంటే పునాదికి ఖర్చు తగ్గుద్దంట. ఆయనకి మేం దణ్ణం పెట్టుకోవాలండీ."

దెయ్యం తిరుగుతుందని చెబుదామనుకున్నాను. ఆయన్ని దెయ్యం అనలేక ఊరుకున్నాను.

అక్టోబరు 17

లలిత ఇంటికొచ్చి బీపీ చూసింది. ఎక్కువుందట. మాత్రలు ఇచ్చి వెళ్ళింది. ఎందుకొచ్చావే తల్లీ... నువ్వు చెడ్డదానివైతే నాకు ఎంత సుఖంగా ఉండేది!

అక్టోబరు 26

ఇటుకల లోడు దిగింది.

నవంబరు 1

ముగ్గు పోశారు. పిల్లర్ల గోతులకి తెల్లగా చతురస్రాలు. మోటారు గది గుమ్మంలో నిలబడి శిలువ వైపు చూశాను. ఒక గొయ్యి సరిగ్గా ఆయన గుండెల మీద. దాని పక్కది నా చోటు. "ఎంత లోతు తవ్వుతారు?" అని మేస్త్రీని అడిగాను. "గట్టి నేల తగిలేదాకా అండీ. ఇదంతా పోసిన మట్టి కదండీ."

పోసిన మట్టి. అవును.

నవంబరు 2

సమాధుల పండగ. సాయంత్రం అందరం సమాధుల తోటకి. గ్రానైటు కడిగారు, బంతిపూలు పరిచారు. శామ్యూలు ప్రార్థన సగంలో ఆపి రాయి మీద చెయ్యి పెట్టాడు. ఆ రాయి కింద కాలవ మట్టి తప్ప ఏం లేదు, దాని ముందు నా కొడుకు మోకాళ్ళ మీద. వాడి వీపు మీద చెయ్యి వేశాను. అంతకంటే ఏం చెయ్యగలను?

ఒక కొవ్వొత్తి కొంగులో దాచుకుని వచ్చేశాను.

ముగ్గు గీతల మధ్య కూర్చుని వెలిగించాను. గాలి. ఆరింది. మళ్ళీ వెలిగించాను. వెనక స్కూటీ ఆగిన చప్పుడు. లలిత, రేపటి పనికి కొబ్బరికాయలూ పసుపూ తెచ్చుకుంది.

"మామ్మగారండీ... ఇక్కడ వెలిగిస్తున్నారేంటండీ? ఎవరికండీ?"

ఊరందరి మీదా లేచే నోరు. కొవ్వొత్తికి చేతులు అడ్డం పెట్టుకున్నాను.

ఆ పిల్ల నన్నూ కొవ్వొత్తినీ చూసింది. వెళ్ళి ఆ లోడులోంచి ఇటుకలు తెచ్చి కొవ్వొత్తి చుట్టూ నిలబెట్టింది, వాళ్ళ ఇంటి ఇటుకలు. "గాలికి ఆరిపోద్దండీ" అంది. పక్కనే కింద కూర్చుంది, నేను లేచేదాకా.

మేస్త్రీ పొద్దున్నే వస్తాడట, గోతులు తవ్వడానికి. కరుణ కలం పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. చూడకు. రాయి. కొవ్వొత్తి ఇంకా వెలుగుతోంది, మా గుమ్మంలోకి కనిపిస్తోంది.